టైరు మీది అంకె

పలాస, 12-5-1936. ఉక్కగా ఉంది. లారీ కడిగాను.

కామాక్షికి, ఇక్కడ క్షేమం. నిన్న కొబ్బరికాయల బరువుతో ఎండలో వచ్చాక గాలి కొలిస్తే, ఇంతకు మించకూడదని టైరు మీద వేసిన అంకె దాటింది. పేలుతుందని కొంత వదిలేశాను. తెల్లారేసరికి టైర్లు చతికిలబడ్డాయి. డ్రైవరుగా ఉన్న మీ తమ్ముడు తిరుపతిరావు ఒకటే నవ్వు.

“ఆ అంకె సల్లారిన టైరుకి బావా! జొరమొచ్చిందని లంకణం పెట్టీసినావేటి?”

మరి దారిలో వేడెక్కితే ఎంతదాకా దాటవచ్చు? అడిగితే వాడూ తల గోక్కున్నాడు. దారిలో పేలుతుందేమోనని నా భయం. శుక్రవారం నువ్వూ పాపా ఈ లారీలో రావద్దు. కోటబొమ్మాళిలో రైలెక్కండి. ఈ మాట నేనన్నానని తమ్ముడికి రాయకు. పాప దగ్గు తగ్గిందా? దానికి నా ఆశీస్సులు. అదిగో, వాడు పంపు పట్టుకొని పిలుస్తున్నాడు.