లైటును నమ్మకు మామా

మామా, ఫోనెత్తవేం? ఈ వాయిస్ మెసేజన్నా విను. కొబ్బరి మర మోటారుని ఆపే రిలే నిన్న మార్చింది నేనే. పెద్దది సువా పట్నం నుంచి ఓడలో వచ్చేదాకా చిన్నదే పెట్టమన్నాడు మర నడిపించే ఇసికేలి తాత. అంత మోటారుకి అది చాలదు. వేడెక్కి లోపల అతుక్కుపోతోంది. ఆపే మీట నొక్కాక మర మీది లైటు ఆరినా మర తిరగడం కళ్ళారా చూశా.

రాత్రి అందరూ కావా తాగుతూ గిన్నె చుట్టూ కూర్చున్నప్పుడు చెప్తే అందరూ నవ్వారు. "మూగోడికి మాటొచ్చిందిరోయ్! లైటు ఆరితే కరెంటు పోయినట్టే" అన్నాడు తాత. పెద్దోళ్ళ మధ్యలోంచి లేచొచ్చేశా.

కొబ్బరి ఇరుక్కుని మర ఆగితే నువ్వు మీట నొక్కి, లైటు ఆరిందని చెయ్యి పెడతావు. ఇరుకు వదలగానే మళ్ళీ తిరుగుద్ది. ముందు మెయిన్ స్విచ్ దించి, ఎవరూ మళ్ళీ ఎత్తకుండా దానికి నీ తాళం వేసుకో.

మామా, ఇప్పుడే మర చప్పుడు ఆగింది, ఇంటిదాకా తెలిసింది. చెయ్యి పెట్టకు, పరిగెత్తుకొస్తున్నా.