ఆ మూలకి ఎవరూ పోరంట

మామా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు పనిచేసిన గోడౌనులోనే ఊడుస్తున్నాను. సరుకు మోసే రోబో బండ్లు తామెక్కడున్నాయో తెలుసుకోవడానికి ఈ వారం స్తంభాలకు కొత్త సెన్సార్లు బిగిస్తున్నారు. బండి దారి తప్పి నిన్ను గుద్దిన మూలను మాత్రం వదిలేశారు. ఎన్నడూ నోరెత్తని నేను ఇంజనీరును అడిగాను.

"సార్, ఆడ కూడా ఒకటి పెట్టండి."

"ఉండేవి ఎనిమిదేనమ్మా. జనం తిరిగే తావులోనే పెట్టమంటాండాది కంప్యూటరు. ఆ మూలకి ఎవరూ పోరు కదా?"

నాతో ఊడ్చే మునెమ్మక్క ఊరుకోలేదు. "ఎట్లా పోతారప్పా? ఈ బిడ్డ మొగుడు సచ్చినప్పటి నుంచి అందరం సుట్టు తిరిగి పోతాండాము."

"ఏడ ఎంతమంది నడుస్తాండారో కెమెరాలే లెక్కేస్తాయమ్మా. ఆ మూల ఆ లెక్కలో లేదు కదా" అన్నాడతను.

శనివారం దాకా కెమెరాలతో ఆ లెక్క తీస్తారట. సత్యవేడు నుంచి కొత్తగా పనికి వచ్చేవాళ్లకు ఆ మూల సంగతి ఎవరు చెబుతారు? అందుకే పొద్దుటి నుంచి చీపురు పట్టుకుని అక్కడే అటూ ఇటూ నడుస్తున్నాను.

"పిచ్చిదానా, నీకూ తగిలితే?" అని మునెమ్మక్క చెయ్యి పట్టి లాగింది. విడిపించుకున్నాను.

బండి చప్పుడు వినిపిస్తే స్తంభం చాటుకు తప్పుకుని, మళ్లీ నడుస్తున్నాను మామా. పదిమంది నడిచినట్టు లెక్క కావాలంటే నేనొక్కదాన్ని ఎన్నిసార్లు నడవాలి?