తొండూరు పెళ్లి డిస్కు

ఫణీ, నేను జమ్మలమడుగు బడికి పోతున్నా. నాన్న తీసిన పెళ్లి డీవీడీలు ఇంకా అరవై ఉన్నాయి. ఒక్కొక్కటి కంప్యూటర్లో పెట్టి హార్డ్ డిస్కులోకి కాపీ చెయ్యి. ఫైలుకు ఊరి పేరు, సంవత్సరం పెట్టు. సరిగ్గా ఆడుతోందో లేదో చూసి, రెండో హార్డ్ డిస్కులోకి కూడా ఎక్కించు. దాన్ని పులివెందులలో అత్త దగ్గర దాచుదాం.

చూసేటప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకో. మొన్న తొండూరు పెళ్లి ఆడిస్తుంటే, కెమెరా వెనక నుంచి నాన్న "కొంచెం నీళ్లియ్యమ్మా" అని ఎవరినో అడిగాడు. అమ్మ వంటింట్లోంచి "తెస్తాండా" అంటూ గ్లాసుతో వచ్చింది. నాన్న పోయి రెండేళ్లయిందని గుర్తొచ్చి, అట్లాగే నిలబడిపోయింది.

నీ అక్క మైత్రేయి

ఇంకొకటి. నిన్న నేను హెడ్‌ఫోన్ పెట్టుకుంటే అమ్మ వచ్చి, "ఈ పొద్దు మీ నాయన నీళ్లడగలేదేందే?" అంది. అమ్మ మళ్లీ అడిగితే నువ్వు హెడ్‌ఫోన్ తీసి ఆ తొండూరు డిస్కు వినిపించు. నా వల్ల కాలేదు.