వంకర కుట్టు స్కార్ఫు

మావయ్యకి,

క్షేమంగా చేరాను. నేను ఫోను ఎత్తడం లేదని అమ్మ ఈపాటికి నీ కొట్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చునే ఉంటుంది. ఆవిడకి చెప్పు, రాగానే అందరి ఫోన్లూ ఒక ఇనప్పెట్టెలో పడేసి తాళం వేశారు. ఈ ఇరవై రోజులూ ఉత్తరాలే. శిబిరానికి సొంత పోస్టాఫీసు కూడా ఉంది: ఒక గుడారం, ఒక ముద్ర, కునికిపాట్లు పడే ఒక పోస్టుమాస్టరు.

ఎన్ని దేశాల స్కౌట్లు వచ్చారో లెక్కే లేదు. ఆటలూ పాటలూ చిన్నపిల్లలకి, పద్దెనిమిది దాటిన మాకు చాకిరీ. నన్ను వంటగుడారంలో వేశారు. పొద్దున్నుంచి బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాను. కళ్ళద్దాల షాపులో బతిమాలి సెలవు తీసుకున్నది ఇందుకా అని మా ఓనరు నవ్వి చస్తాడు. అయినా మావయ్యా, ఎంత బాగుందో!

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. నచ్చిన వాళ్ళతో బ్యాడ్జీలు, టోపీలు, స్కార్ఫులు మార్చుకుంటారు. నా బెల్టు అప్పుడే ఇంకో దేశం నడుముకి ఎక్కింది.

నీ మేనకోడలు,
పిడుగు

తా.క. నువ్విచ్చిన ఆకుపచ్చ స్కార్ఫు మీదే అందరి కళ్ళూ. మంచి బేరం తగిలితే చూస్తాను.

---

పిడుగుకి,

ఇక్కడ కుట్టుమిషనుతో సహా అందరం బాగున్నాం. నీ ఉత్తరం చదివాకే బాగోలేదు.

బెల్టు ఇచ్చేశావు సరే, ప్యాంటు ఎలా నిలుస్తోందే? ఒంటిమీద బట్టలు మార్చుకుంటున్నారంటే అక్కడ తిండి పెట్టడం లేదన్నమాట. ఆ మాట మీ అమ్మతో అన్నాను, పొరపాటయింది. రాగాలు మొదలెట్టింది. రెండు చొక్కాలు కుట్టి, బిస్కెట్లు పెట్టి పార్సిలు పంపుతున్నాను. దుంపల చెక్కు తియ్యడానికి అన్ని దేశాల వాళ్ళు కావాలా? ఇంట్లో ఒక్కనాడు కత్తి పట్టావా?

అసలు సంగతి విను. ఆ ఆకుపచ్చ స్కార్ఫు జోలికి వెళ్ళకు. నలభై ఏళ్ళుగా నా మిషను పైన మేకుకి ఉంది. ఒక్క ఆదివారం మానకుండా ఇస్త్రీ చేశాను. నీ మెడలో వెళ్ళింది, నీ మెడలోనే రావాలి. ఎందుకని అడక్కు.

ఇట్లు,
నీ మావయ్య

తా.క. చొక్కాలు కూడా మార్చకు. నీ కొలతలకి కుట్టాను, ఇంకెవరికీ పట్టవు.

---

మావయ్యకి,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. మా పోస్టుమాస్టరు నిద్ర లేవలేదేమో.

నిన్న బ్రహ్మాండమైన బేరం కుదిరింది. మా వంటగుడారంలో అరవై దాటిన పెద్దావిడ ఒకరున్నారు. ఏ శిబిరం జరిగినా వచ్చి వంటలో సాయం చేస్తారట. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు, ఉల్లిపాయల దగ్గర మాత్రం మంచి స్నేహం. మొన్నటిదాకా మాసిపోతుందని స్కార్ఫు సంచిలోనే ఉంచాను. నిన్న వేసుకుని వెళ్ళానో లేదో, ఆవిడ కత్తి కింద పడేసి దాని కొస పట్టుకున్నారు. తిరగేసి చూశారు, బోర్లేసి చూశారు. నవ్వుతున్నారు, కళ్ళనిండా నీళ్ళు. ఉల్లిపాయల వల్లే అనుకున్నాను. తన మెడలోది తీసి నా మెడలో వేసి, నాది పట్టుకుని గుండెలకి అదుముకున్నారు. అంత ఇష్టపడ్డావిడకి కాదని ఎలా చెప్పను? స్కౌటుని కదా! ఇచ్చేశాను.

నాకొచ్చింది మాత్రం చూసి నవ్వకూడదు. వెలిసిపోయిన ఎర్ర గుడ్డ. అంచు కుట్టు పాము పాకినట్టు వంకర. ఒక మూల చిరుగుని మటుకు ఎవరో తర్వాత ముచ్చటగా రఫూ చేశారు. నీకు చూపిస్తే పకపకా నవ్వుతావు.

పిడుగు

తా.క. ఇప్పుడే నీ ఉత్తరమూ పార్సిలూ అందాయి. మావయ్యా, పైన రాసింది చదవకు.

---

ఏమే,

చదివాను. రెండుసార్లు చదివాను. కొంప ముంచావు కదే!

నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మాట చెబుతున్నాను. ఆ స్కార్ఫు నాది కాదు. నీ వయసులో నేనూ ఇలాంటి శిబిరానికే వెళ్ళాను. పక్క గుడారంలో వేరే దేశం అమ్మాయి ఉండేది. చివరి రోజు కవాతుకి, సరదాగా, తన స్కార్ఫు నా మెడలో వేసింది. కవాతు అవగానే తిరిగి ఇవ్వాలి. ఈలోగా మా లారీ ముందే వచ్చింది. మా మాస్టారు మమ్మల్ని మూటల్లా ఎక్కించేశాడు. ఊరు దాటాక మెడ తడుముకుంటే అది ఉంది. చిరునామా తెలీదు. పేరు సరిగా పలకడమే రాలేదు, ఇక రాయడమా!

దొంగ అనుకుని ఉంటుంది నన్ను. ప్రతి ఆదివారం ఇస్త్రీపెట్టె పట్టుకున్నప్పుడల్లా అదే ఆలోచన. ఆ దేశం వాళ్ళెవరైనా కనిపిస్తే వాళ్ళ చేతికిమ్మని నీతో చెబుదామనుకున్నాను, తీరా బస్సు దగ్గర నోరు పెగల్లేదు. మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు. చెబితే అమ్మాయి సంగతే అడుగుతుంది, స్కార్ఫు సంగతి అడగదు.

వెంటనే వెళ్ళి కాళ్ళో వేళ్ళో పట్టుకుని వెనక్కి తీసుకో. ఆ ఎర్ర గుడ్డపీలిక ఆవిడకే ఇచ్చెయ్. పోనీ నాకు పంపు, అంత దరిద్రంగా కుట్టినవాడెవడో చూస్తాను. నా కొట్టులో గానీ అలా కుట్టి ఉంటే మిషను చక్రానికి కట్టేసేవాణ్ణి!

మావయ్య

తా.క. ఆదివారం బస్సుకి నేనే వస్తున్నాను. మీ అత్తయ్యతో దారం కొనడానికి అని చెప్పాను.

---

మావయ్యా,

బస్సెక్కకు. ముందు ఇది చదువు.

నీ ఉత్తరం చూడగానే వంటగుడారానికి పరిగెత్తాను. ఆవిడ లేరు. ఆ పొద్దున్నే వాళ్ళ ఊరు బయల్దేరిపోయారట. ఇంకా ఐదు రోజులు ఉండాల్సిన మనిషి! 'నా పని అయిపోయింది' అని సైగలు చేసి, అందరికీ ముద్దులు పెట్టి మరీ వెళ్ళారట. స్టేషను దాకా వెళ్ళాను. రైలు వెళ్ళిపోయింది. అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చేశాను మావయ్యా. నువ్వు తిట్టినందుకు కాదు. నలభై ఏళ్ళు నువ్వు దాచింది నేను నాలుగు నిమిషాల్లో ఇచ్చేశానే అని.

వెనక్కి వచ్చాక చూస్తే నా సంచి మీద ఆవిడ వదిలిన కాగితం ఉంది. ఆవిడ భాష. చదవగలవాళ్ళు ఇక్కడ ఆవిడొక్కరేనట! ఆ ఎర్ర స్కార్ఫులోనే చుట్టి పంపుతున్నాను. నన్ను క్షమించు.

పిడుగు

తా.క. చొక్కాలు కూడా పోయాయి. నీ కొలతలు ఇంకిద్దరికి పట్టాయి.

---

నా బంగారుతల్లికి,

ఏడవకు. ముందు కళ్ళు తుడుచుకుని కూర్చో.

పార్సిలు విప్పాను. పకపకా నవ్వుదామని కళ్ళజోడు పెట్టుకుని మరీ అంచు పట్టుకున్నాను. నవ్వు రాలేదు. ప్రతి మూలలో దారం కొసకి రెండు ముళ్ళు వేసి, మడత లోపలికి తోసి ఉంది. అలా తోసేవాడు నాకు తెలిసి ఒక్కడే. ఇవాళ పొద్దున కుట్టిన కోటులోనూ అలాగే తోశాడు.

అది నాదే పిడుగూ. అప్పటికి మిషను నేర్చుకోవడం మొదలెట్టి నెల. నేనే కుట్టుకున్నాను. కవాతు రోజున తనది నా మెడలో వేసినప్పుడు నాది తన మెడలో వేశాను. ఆ సంగతి ఇన్నేళ్ళూ తలపుకే రాలేదు. దొంగని నేనే అనుకుంటూ కూర్చున్నవాడికి తన వస్తువు పోయిందని గుర్తుంటుందా? మిషను చక్రానికి కట్టేయాల్సినవాడే ఈ ఉత్తరం రాస్తున్నాడు.

కాగితం పట్టుకుని మా వీధిలో విదేశీ భాషలు నేర్పే మాస్టారి దగ్గరికి పరిగెత్తాను. తన కోటు తెచ్చాననుకుని చేతులు చాచి నిలబడ్డాడు. చదివి చెప్పాడు: 'నా స్కార్ఫు నీకు ఇచ్చిన మనిషికి చెప్పు. ఆ రోజు లారీ వెనకాల గేటు దాకా పరిగెత్తాను, అందలేదు. అతని స్కార్ఫు ఎత్తుకుపోయానని నన్ను దొంగ అనుకుని ఉంటాడు. ఎప్పటికైనా ఇవ్వాలని ప్రతి శిబిరానికీ వచ్చి వంట చేశాను. ఒక మూల చిరిగితే రఫూ చేశాను, వంకర కుట్లు మాత్రం ముట్టుకోలేదు. ఇక ఉల్లిపాయలు తరగను.'

ఇద్దరం దొంగలమేనటే! నలభై ఏళ్ళు, చెరో దేశంలో కూర్చుని.

గుండెల మీద నుంచి ఇస్త్రీపెట్టె దించినట్టుంది. మధ్యాహ్నమే కొట్టు కట్టేసి, ఆ ఎర్ర స్కార్ఫు మెడలో వేసుకుని వీధి చివరిదాకా నడిచాను. అందరూ నవ్వారు. నవ్వనీ. నువ్వు ఇచ్చెయ్యకపోతే అది ఆవిడకి చేరేదే కాదు. ఎంత మంచి పని చేశావో నీకు తెలీదు.

మిగిలిన రోజులు హాయిగా దుంపల చెక్కు తీసుకో.

నీ మావయ్య

తా.క. మీ అత్తయ్యకి మొదటి నుంచీ అంతా చెప్పేశాను. స్కార్ఫు చూపించాను, కాగితం చూపించాను, కుట్టు కూడా చూపించాను. అంతా విని ఒక్కటే అడిగింది: 'ఆ పిల్ల చూడ్డానికి ఎలా ఉండేది?'