కొండ అంచు దాకా సిమెంటు దారి

సుభద్రా,

నువ్వెళ్ళిపోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే సన్నీవేల్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ మనం వెళ్ళే సముద్రం దగ్గరికే వెళ్ళాను. కారు ఆపే చోటు నుంచి కొండ అంచు దాకా ఇప్పుడు చదునుగా సిమెంటు దారి వేశారు. చక్రాల కుర్చీలు హాయిగా వెళ్తున్నాయి. ఆ వేసేదేదో రెండేళ్ళ ముందు వేస్తే వీళ్ళ సొమ్మేం పోయింది!

కుర్చీలో వచ్చిన ఒక ముసలావిడ పక్కన నిలబడ్డాను. పొగమంచు విడింది. మా కాళ్ళ కింద గూడబాతులు! ముప్ఫై దాకా ఒకే వరసలో, రెక్క ఆడించకుండా, అలల మీదుగా జారిపోతున్నాయి. ఎగిరే పక్షి వీపు ఎప్పుడైనా చూశావా? ఇంకా కింద, బండ నిండా ఇసుక వేస్తే రాలనన్ని నీటికాకులు. మెడలో కెమెరా ఉన్న సంగతే మర్చిపోయాను.

మొదటిసారి వచ్చారా అని ఆవిడ అడిగింది. అవునన్నాను.

అబద్ధం. అప్పట్లో ఆ గులకరాళ్ళ బాటలో నీ కుర్చీ కదలక నువ్వు కార్‌లోనే ఉండిపోయేదానివి. నేనొక్కణ్ణే వెళ్ళి చూసొచ్చేవాణ్ణి.

"ఏముందండీ అక్కడ?" అని అడిగేదానివి.

"ఏముంది, మన భీమిలిలో లాగా నీళ్ళే."

నీకు బాధ కలగకూడదనుకున్నాను. నువ్వు తలూపి, నా స్వెట్టర్‌కి అంటుకున్న ఈక తీసేసి, పులిహోర డబ్బా మూత తెరిచేదానివి. వట్టి నీళ్ళ దగ్గర ఈకలెక్కడివని ఒక్కసారి కూడా అడగలేదు.

ఇవాళ కూడా భుజం మీద ఒకటుంది. ఇంటికొచ్చినా తియ్యలేదు.