గౌరి నోట నా మాట

ఆదివారం

మదనపల్లె సన్మాన సభలో ఈరోజు మా ఆయన కొత్త కథ చదివారు. అందులో మా పుంగనూరు ఆవు గౌరి, “నడుము ఇరిగిపోతాండాది, ఎవురితో సెప్పుకునేది?” అంటుంది. జనం కళ్లు తుడుచుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. అది రోజూ పొద్దున కుడితి పోస్తూ నేను గౌరితో అనే మాట! మా కుప్పం యాస కూడా మార్చలేదు.

కారెక్కగానే అడిగేశాను. “నా మాట ఆవుకు యాల పెడితిరి?”

“అది నోరులేని జీవం గదమ్మే” అని నవ్వారు, ఇంత పేరున్న రచయిత.

రేపు కుడితి ఆయనే కలుపుకోనీ.

నా నొప్పి ఈయన చెవిన పడలేదనే ఇన్నాళ్లూ సర్దుకుపోయాను. పడిందన్నమాట. విన్నాడు. విని, ఆవుకు రాసిచ్చాడు.