వంటింటి కిటికీలో పుదీనా

ఏవండీ,

ఆరున్నర బస్సుకి తణుకు వెళ్తున్నాను. అమ్మ మళ్ళీ కింద పడిందట. ఈ నెలలో ఇది మూడోసారి. మీరు మంచి నిద్రలో ఉన్నారు, లేపాలనిపించలేదు.

అన్నం, చారు బల్ల మీద ఉన్నాయి. పెరుగు ఫ్రిజ్‌లో ఉంది.

ఇక మొక్కలు. మీ కొట్టు ముందు కళ్ళాపి చల్లినట్టు కుండీల్లో నీళ్ళు గుమ్మరించకండి. మట్టిలో వేలు పెట్టి చూడండి, తడి తగిలితే వదిలెయ్యండి. వంటింటి కిటికీలో పుదీనాకి బియ్యం కడిగిన నీళ్ళు ఒక్క గ్లాసు, అదీ రోజు విడిచి రోజు. హాల్లో మనీప్లాంటుకి వారానికోసారి చాలు. తమలపాకు తీగని ఏసీ గాలి తగిలేచోట పెట్టకండి. భోజనమయ్యాక లేతాకులు తెంపకండి, అడుగునున్న ముదురాకులు కోసుకోండి.

నాకు ఓపిక లేదండి. అక్కడ అమ్మకి చెప్పాలి, ఇక్కడ మీకు చెప్పాలి. నేను చెప్పకుండా జరిగే పని ఒక్కటైనా ఉంటే బావుండు.

పోయిన వేసవిలో నేను లేనప్పుడు పుదీనా కుళ్ళిపోతే, మార్కెట్లో కట్ట కొనుక్కొచ్చి కుండీలో గుచ్చారు కదా. నాకు తిరిగొచ్చిన రోజే తెలిసింది. కట్టకున్న అరటినార కూడా విప్పలేదు మీరు. అలిసిపోయి వచ్చాను, అడగలేదు. ఈసారి ఏదైనా చచ్చిపోతే చచ్చిపోయిందనే చెప్పండి. నేనేమీ అనను.

కన్యక

మర్చిపోయాను. ఆ కట్టలో రెండు కాడలు బతికి వేళ్ళు పట్టాయి. కిటికీలో ఇప్పుడున్నది అదే. మొన్న పచ్చడి బావుందని మళ్ళీ వేయించుకున్నారే, అది మీరు గుచ్చిన పుదీనాయే.